నెత్తురు కారితేనే గాయమా?

చరిత్ర పాఠాలు – 19

పోయిన భాగంలో కోరేగావ్ స్తంభం గురించి రాశాను. 1818 జనవరి 1న భీమా నది ఒడ్డున జరిగిన పోరులో చనిపోయినవాళ్ల పేర్లు ఆ రాతి మీద ఉన్నాయనీ, అందులో 22 మహర్ల పేర్లనీ, 1927లో అంబేడ్కర్ అక్కడికి వెళ్లి నిలబడ్డాకే ఆ రాయి మనదైందనీ చెప్పాను. అది చదివి మా కాలేజీ పాత విద్యార్థి ఒకతను ఒక ప్రశ్న పంపాడు. "మేడం, చచ్చిపోయినవాళ్ల పేర్లు రాతి మీద ఉన్నాయి. బతికొచ్చి, రాత్రిళ్లు నిద్రపట్టక, ఊళ్లో పిచ్చోడనిపించుకుని పోయినవాళ్ల పేర్లు ఏ రాతి మీద ఉంటాయి?" అతని తమ్ముడు ఇప్పుడు అగ్నివీర్. అందుకే ఆ ప్రశ్నకి రెండు మాటల్లో జవాబు చెప్పి తప్పుకోబుద్ధి కాలేదు.

ఒంటికి దెబ్బ తగిలిన సైనికుడికి పతకం ఇస్తారు. మనసుకి తగిలితే? సైన్యాలు ఈ సంగతి మీద వందేళ్లకు పైగా తగువులాడుకుంటున్నాయి. ఈ తగువు బాహాటంగా, కాగితాల సాక్షిగా ఎక్కువ నడిచింది అమెరికాలో, బ్రిటన్‌లో. కాబట్టి అక్కడ మొదలుపెట్టి మన దగ్గరికి వస్తాను.

అమెరికాలో యుద్ధగాయానికి ఇచ్చే పతకం పర్పుల్ హార్ట్. ఊదారంగు గుండె, దాని మీద జార్జి వాషింగ్టన్ బొమ్మ. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు నడుస్తుండగా, 2008లో, అక్కడి రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ ముందుకి ఒక ప్రశ్న వచ్చింది. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌తో, అంటే పీటీఎస్‌డీతో తిరిగొచ్చినవాళ్లకి ఈ పతకం ఎందుకివ్వకూడదు? ఆలోచించాల్సిన విషయమే అన్నాడాయన. అదే ఏడాది ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ, ఆ రెండు యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాళ్లలో సుమారు 3 లక్షల మంది పీటీఎస్‌డీతోనో డిప్రెషన్‌తోనో ఉన్నారని అంచనా వేసింది. 2009 జనవరిలో పెంటగాన్ జవాబు బయటికొచ్చింది. ఇవ్వం.

వాళ్ల తర్కం ఇది. పర్పుల్ హార్ట్ అనేది శత్రువు కావాలని, బయటినుంచి చేసిన గాయానికి. పీటీఎస్‌డీ అలాంటిది కాదు, ఘోరాన్ని చూసినందువల్లో అనుభవించినందువల్లో ఆ తర్వాత లోపల పుట్టేది. పైగా దాన్ని నిక్కచ్చిగా కొలిచే సాధనం లేదు. ఈ పతకం అందుకున్నవాళ్ల సంఘం కూడా నెత్తురు చిందించినవాళ్లకే అది దక్కాలని పట్టుబట్టింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కాలు పోగొట్టుకున్నవాడికి మిగిలింది ఆ ఒక్క గుండె బొమ్మే అయితే, దాన్ని ఇంకొకరితో పంచుకోమంటే ఎవరికైనా కష్టమే.

కానీ సంప్రదాయం పేరు చెప్పి ఈ వాదన చేస్తే మాత్రం నిలవదు. 1782 ఆగస్టు 7న వాషింగ్టన్ దీన్ని పెట్టినప్పుడు అది గాయాల పతకమే కాదు. మామూలు సిపాయి చేసిన మెచ్చుకోదగ్గ పనికి కుట్టి ఇచ్చిన ఊదారంగు గుడ్డ ముక్క. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు దాన్ని అందరూ మర్చిపోయారు. 1932లో డగ్లస్ మెకార్థర్ తిరిగి తెచ్చినప్పుడు గాయాలకీ ఇచ్చారు, మంచి సేవకీ ఇచ్చారు. 1942 నుంచే అది గాయపడినవాళ్లకీ చనిపోయినవాళ్లకీ పరిమితమైంది. తర్వాత తీవ్రవాద దాడుల్లో దెబ్బతిన్నవాళ్లని చేర్చారు. 1993లో, పోరు మధ్యలో సొంత సైన్యం కాల్పులకే పొరపాటున గురైనవాళ్లనీ చేర్చారు. ఇక్కడ కాస్త ఆగి చూడండి. మనవాడి తుపాకీ గుండు తగిలితే పతకం ఉంది. శత్రువు రోజుల తరబడి బుర్రలోకి దింపిన భయానికి లేదు. మరి శత్రువు కావాలని చెయ్యాలన్న షరతు ఏమైంది?

2011లో ఇంకొంత సడలించారు. పేలుడు ధాటికి మెదడు అదిరిపోయినవాళ్లు, పైకి చిన్న గీత కూడా లేకపోయినా, పతకానికి అర్హులని స్పష్టం చేశారు. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదని మొదట ప్రకటించారు. తర్వాత నూరుమందికి పైగా మెదడు గాయాలు బయటపడ్డాయి. తలనొప్పులట, పెద్ద విషయం కాదు అన్నాడు అప్పటి అధ్యక్షుడు ట్రంప్. 29 మందికి పర్పుల్ హార్ట్ ఇచ్చి ఊరుకున్నారు. పోరగా పోరగా 2021 చివర్లో ఇంకో 39 మందికి ఇచ్చారు. అంటే మెదడు దాకా ఎలాగో వచ్చారు. మనసు దగ్గర మాత్రం గేటు ఇంకా వేసే ఉంది.

ఈ గేటు కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ముందే కట్టింది. కందకాల్లో సైనికులు వణికిపోయేవాళ్లు. కొందరికి మాట పడిపోయేది, కొందరికి ఏ దెబ్బా లేకుండానే చూపు పోయేది. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టర్ ఈ జబ్బుకి 'షెల్ షాక్' అనే పేరుని వైద్య పత్రికకి ఎక్కించాడు. సైన్యం వెంటనే దాన్ని రెండు ముక్కలు చేసింది. శత్రువు గుండు పేలిన ప్రభావంతో కుప్పకూలితే కాగితం మీద 'డబ్ల్యూ' అని రాయాలి, అంటే గాయపడినవాడు. వాడికి చొక్కా చేతి మీద జరీ గీత దక్కుతుంది, పింఛనుకి దారి ఉంటుంది. దగ్గర్లో గుండు పేలకుండానే కూలిపోతే 'ఎస్', అంటే రోగి. గీత లేదు, గౌరవం లేదు. 2009లో పెంటగాన్ చెప్పింది ఇదే. తొంభై ఏళ్లలో ఒక్క అడుగు ముందుకు పడలేదు. 1917లో అయితే ఆ పేరు పలకొద్దనే ఉత్తర్వు ఇచ్చారు. పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద సొంత సైన్యమే కాల్చి చంపిన 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాభిక్ష పెట్టారు. ఆ చంపినవాళ్లలో ఈ జబ్బు మనుషులు ఎందరో ఇప్పుడెవరూ లెక్క తేల్చలేరు.

ఒక పక్కమాట. ఇంగ్లీషు ఎం.ఏ.లో మా మిత్రులు పాఠం చెప్పే యుద్ధకవులు విల్‌ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఇద్దరూ 1917లో క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే ఆసుపత్రిలో ఉన్నారు. అది ఆఫీసర్ల ఆసుపత్రి. ఆఫీసరుకి నరాల నీరసం అని రాసేవాళ్లు, సిపాయికి హిస్టీరియా అని రాసేవాళ్లు. ఒకే వణుకుకి రెండు పేర్లు. ఇద్దరినీ మనం చదువుదాం, బాగా రాశారు. కానీ మాట పడిపోయిన సిపాయి ఏం రాసేవాడో మన సిలబస్‌లో లేదు.

ఇంతవరకు చదివితే, కనిపించే గాయానికి న్యాయం జరుగుతుంది, కనిపించనిదానికే జరగదు అనుకుంటాం. అక్కడే పొరపడతాం.

అదే యుద్ధంలో ఫ్రాన్స్‌కి మన దేశం నుంచి సిపాయిల్ని తీసుకెళ్లారు. గాయపడి ఆసుపత్రులకొచ్చిన వాళ్లలో చాలామందికి చేతుల మీద తుపాకీ దెబ్బలున్నాయి. ఇళ్లకి పోదామని వీళ్లే కాల్చుకుంటున్నారని పైవాళ్లకి అనుమానం పట్టుకుంది. 1915లో బ్రైటన్‌లోని కిచెనర్ ఇండియన్ హాస్పిటల్‌లో బ్రూస్ సీటన్ అనే అధికారి వెయ్యి గాయాలు పరిశీలించి, అలా కాల్చుకుంటున్నారనడానికి ఆధారం లేదని తేల్చాడు. ఆ నివేదికలో ఏం తేలిందన్నది ఒక ఎత్తు. అసలు దాని అవసరం ఎందుకొచ్చిందన్నది ఇంకో ఎత్తు. చేతి నుంచి నెత్తురు కారుతున్నా నువ్వే చేసుకున్నావన్నారు. ఎవరి ఒంటి మీద? నల్ల ఒంటి మీద.

హెన్రీ జాన్సన్ కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఆల్బనీ రైల్వే స్టేషన్లో సామాను మోసే నల్లజాతి కూలీ. 1918లో న్యూయార్క్ నల్లజాతి దళంతో, అంటే 369వ పదాతిదళంతో, ఫ్రాన్స్‌లో ఉన్నాడు. తెల్ల అమెరికన్ సైనికులు పక్కన నిలబడనివ్వరు కాబట్టి ఆ దళాన్ని ఫ్రెంచి సైన్యం చేతికి అప్పగించారు. మే నెలలో ఒక రాత్రి జర్మన్లు మీదపడ్డారు. తుపాకీ పనిచెయ్యకపోతే దాని మడమతో, చివరికి కత్తితో పోరాడి తోటి సైనికుణ్ణి కాపాడాడు. ఒంటి మీద 21 గాయాలు. ఫ్రాన్స్ తన గొప్ప పతకాల్లో ఒకటైన క్రోయి ద గెర్ ఇచ్చింది. సొంత దేశం ఇంటికి పంపిన డిశ్చార్జి కాగితాల్లో ఆ గాయాల ఊసే లేదు. 1929లో చనిపోయాడు. 1996లో పర్పుల్ హార్ట్ ఇచ్చారు. 2015లో ఒబామా చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఆనర్. 2023లో ఒక సైనిక స్థావరానికి ఆయన పేరు పెట్టారు, 2025లో తీసేశారు.

ఇరవై ఒక్క గాయాలు కనిపించలేదు! కాబట్టి కనిపించడం, కనిపించకపోవడం అనేది గాయంలో లేదు, కాగితం రాసేవాడి కంట్లో ఉంది. నేను ఈ భాగమంతా రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం.

ఆ కన్ను ఏం చూస్తుందో కూడా చరిత్రలో ఉంది. 1925లో అమెరికన్ ఆర్మీ వార్ కాలేజీ ఒక నివేదిక రాసింది. నల్లవాళ్లు పుట్టుకతోనే ధైర్యం తక్కువ మనుషులని అందులో తేల్చారు. హెన్రీ జాన్సన్ అప్పటికి బతికే ఉన్నాడు. మన దగ్గర అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1890లలో, కొన్ని కులాలకే యుద్ధం నెత్తుటిలో ఉంటుందనే 'మార్షల్ రేస్' సిద్ధాంతంతో మహర్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. కోరేగావ్ రాయి అక్కడే నిలబడి ఉంది, ఎవరూ చదవలేదు. ఇక మన మిలిటరీ మెడికల్ బోర్డుల కాగితాల్లో ఇప్పటికీ కనిపించే ఒక మాట చూడండి: 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్'. రాజ్యాంగానికీ దీనికీ సంబంధం లేదు. ఈ జబ్బు ఇతని ఒంటి తీరులోనే ఉంది, ఉద్యోగం వల్ల రాలేదు అని దాని అర్థం. గెలిస్తే ధైర్యం వీళ్ల నెత్తుటిలో లేదంటారు. కూలిపోతే జబ్బు వీళ్ల నెత్తుటిలోనే ఉందంటారు. పుట్టుక అనే మాటని మనమీద వాడినంత పొదుపుగా ఇంకెవరిమీదా వాడలేదు.

మా పల్లెలో ఒక మిలిటరీ తాత ఉండేవాడు. పిక్క మీద గుండు దూసుకుపోయిన మచ్చ. పిల్లలం అడిగితే పంచె పైకెత్తి చూపించేవాడు. ఆ మచ్చంటే ఊరికి గౌరవం, పై కులాల వీధిలో కూడా ఆయన్ని అరుగు మీద కూర్చోమనేవాళ్లు. వేసవిలో ఆరుబయట మంచాలేసుకుని పడుకున్నప్పుడు ఆయన రాత్రికి రెండు మూడుసార్లు లేచి వాడలో పిల్లలందరినీ వేలితో లెక్కపెట్టేవాడు. ఒకరు తక్కువైతే కేకలు. దానికి మాత్రం ఊరు పెట్టిన పేరు పిచ్చి మిలిటరీ. మా అమ్మమ్మ గాలి సోకిందనేది. మచ్చకి పింఛను వచ్చేది. లెక్కకి రాలేదు.

పతకం దక్కితే సరిపోతుందా అని అడిగేవాళ్లకి డ్వైట్ జాన్సన్ గురించి చెప్పాలి. డెట్రాయిట్‌లో ప్రభుత్వం కట్టించిన పేదల క్వార్టర్స్‌లో పెరిగిన నల్ల కుర్రాడు. వియత్నాంలో ట్యాంకు డ్రైవరు. 1968 జనవరిలో దాక్ తో దగ్గర, తను ఒక్కరోజు ముందు దాకా నడిపిన ట్యాంకులో తన స్నేహితులు కాలిపోవడం చూశాడు. పిస్తోలు తీసుకుని బయటికి దూకి అరగంట సేపు ఎదురైనవాళ్లని ఎదురైనట్టే చంపాడు. అయిపోయాక అతన్ని పట్టి ఆపడానికి మార్ఫిన్ ఇవ్వాల్సొచ్చింది. ఇంటికొస్తే ఉద్యోగం దొరకలేదు. అదే ఏడాది నవంబరులో వైట్‌హౌస్‌కి పిలిచి మెడల్ ఆఫ్ ఆనర్ మెళ్లో వేశారు, అంతకు మించిన పతకం వాళ్లకి లేదు. ఆ తర్వాత డెట్రాయిట్‌లో కుర్రాళ్లని సైన్యంలోకి రప్పించే పనికి అతన్ని తిప్పారు. మొదట కడుపునొప్పి అన్నాడు. పరీక్షలు చేశారు. ఆఖరికి సైనిక ఆసుపత్రిలో, వియత్నాం నుంచి వచ్చాక సర్దుకోలేకపోవడం వల్ల వచ్చిన డిప్రెషన్ అని రాశారు. 1971 ఏప్రిల్ చివర్లో ఒక కిరాణా కొట్టులో దొంగతనానికి వెళ్లాడంటూ కొట్టు యజమాని కాల్చాడు. 24 నిండకుండానే చనిపోయాడు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో పూడ్చారు.

అతను ఆ అరగంటలో చేసినదానికి పతకం ఇచ్చారు. ఆ అరగంట అతన్ని చేసినదానికి పేరు కూడా లేదు అప్పటికి. పేరు పెట్టించింది డాక్టర్లు ఒక్కరే అనుకోకండి. యుద్ధానికి వ్యతిరేకంగా సంఘం కట్టిన వియత్నాం సైనికులు న్యూయార్క్‌లో కూర్చుని, చూసిందీ చేసిందీ ఒకరికొకరు చెప్పుకున్నారు. రాబర్ట్ లిఫ్టన్, కైమ్ షాటన్ అనే వైద్యులు వాళ్ల మధ్య కూర్చున్నారు. పదేళ్లు పోరాడితే 1980లో పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ మానసిక వైద్యుల అధికారిక పుస్తకంలోకి ఎక్కింది. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. జబ్బు పేరు కూడా పోరాడి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మన మిత్రులే ఒక అభ్యంతరం చెబుతారు, నాకు తెలుసు. ఊళ్లు తగలబెట్టి వచ్చిన సామ్రాజ్యవాద సైనికుడి నిద్ర గురించి మనకెందుకు, ఆ ఊళ్లో కాలిపోయినవాళ్ల సంగతేంటి? న్యాయమైన మాట. ఏజెంట్ ఆరెంజ్ అనే విషాన్ని వియత్నాం అడవుల మీద చల్లారు. 1991లో అమెరికా చట్టం చేసింది: అక్కడ పనిచేసిన తమ సైనికుడికి ఫలానా జబ్బులొస్తే ఆ విషం వల్లే వచ్చాయని భావించాలి, రుజువు అడగకూడదు. అదే విషం తిన్న వియత్నాం మనుషులు వేసిన దావాని 2005లో అమెరికన్ కోర్టు కొట్టేసింది. నేను దీన్నుంచి సైనికుడికి ఇవ్వొద్దని వాదించను. రుజువు అడగకుండా నమ్మడం సాధ్యమేనని ఆ 1991 చట్టమే ఒప్పుకుంది కదా, ఆ నమ్మకం ఎవరిదాకా వెళ్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని అడుగుతాను.

ఒక దేశం అవునంది కూడా. కెనడా 2008లో శాక్రిఫైస్ మెడల్ అని పెట్టింది. శత్రుచర్య వల్లే వచ్చిందని మానసిక వైద్య నిపుణులు పరిశీలించి చెబితే మనసు గాయానికి కూడా అదే పతకం. కొలవలేం అన్న వాదనకి అది చాలు.

మన దేశానికొద్దాం. మన సైన్యంలో గాయపడినవాళ్లకిచ్చేది పరాక్రమ్ పదక్. శత్రువు నేరుగా చేసిన చర్య వల్ల తగిలిన గాయానికే అది. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో పతకం గురించి గొడవ తక్కువ. గొడవంతా ఒక్క మాట దగ్గర: జబ్బు 'సర్వీసు వల్ల వచ్చింది' అని బోర్డు రాస్తుందా, రాయదా. ఆ మాట ఉంటే వైకల్య పింఛను. లేకపోతే పిచ్చి మిలిటరీ.

2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది ఇక్కడ ముఖ్యం. 1985లో సిపాయిగా చేరిన మనిషిని తొమ్మిదేళ్లకి మూర్ఛ జబ్బు అని ఇంటికి పంపారు. సర్వీసుకి సంబంధం లేదని బోర్డు రాసింది, పింఛను లేదన్నారు. కోర్టు అడిగింది సూటి ప్రశ్న. చేర్చుకునేటప్పుడు మీ డాక్టర్లే పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉన్నాడన్నారు, జబ్బు ఉందని ఎక్కడా రాయలేదు, మరి ఎక్కడినుంచి వచ్చింది? రాయలేదు కాబట్టి సర్వీసులోనే వచ్చిందని భావించాలి, కాదని రుజువు చేసే భారం సైనికుడి మీద లేదు, అనుమానం ఉంటే అతని పక్షానే ఉండాలి. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసులో, స్కిజోఫ్రీనియా అని పంపేసిన సైనికుణ్ణి మళ్లీ బోర్డు ముందు పరీక్షించమంది. 2023లో ప్రభుత్వం ఈ రూల్స్ మళ్లీ మార్చింది, మాజీ సైనికులు అప్పుడే అభ్యంతరాలు చెప్పారు.

ఈ తర్కం మనకి కొత్తేమీ కాదు. 1989 అట్రాసిటీ చట్టం, నలుగురు చూస్తుండగా కావాలని అవమానిస్తే నేరమంది. చుక్క నెత్తురు లేని గాయాన్ని ఈ దేశపు చట్టం ఒప్పుకుంది. అయినా స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న ఇంకా అదే: దెబ్బలేవి, వూండ్ సర్టిఫికెట్ ఏది?

ఇప్పుడు అగ్నివీర్ల సంగతి, అంటే నన్ను ప్రశ్న అడిగినతని తమ్ముడి సంగతి. నాలుగేళ్ల సర్వీసు, పింఛను లేదు. సర్వీసు వల్ల వైకల్యం వచ్చిందని తేలితే ఒక్కసారి ఇచ్చే మొత్తం ఉంది: 100 శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. కాలు పోతే శాతం వేస్తారు. పీటీఎస్‌డీ చాలామందిలో నెలలు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. నాలుగేళ్లు నిండి ఇంటికొచ్చి ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో సెక్యూరిటీ గార్డుగా కూర్చున్న కుర్రాడు ఆరో ఏట రాత్రి లేచి లెక్కపెట్టడం మొదలుపెడితే, ఎన్ని శాతం? ఎవరు వేస్తారు?

నా అభిప్రాయం అడిగితే పతకం ఇవ్వాలంటాను. కానీ నాకు పతకం కన్నా ముందు ఆ కాగితం కావాలి. అతని తమ్ముడికి చెప్పమని నేను రాసి పంపిన నాలుగు సంగతులు మీక్కూడా పనికొస్తాయి. చేరేటప్పుడు చేసిన మెడికల్ పరీక్ష కాగితం కాపీ ఇంట్లో ఉంచుకోవాలి, రేపు కోర్టులో అదే మాట్లాడుతుంది. నిద్ర పట్టకపోతే, చేతులు వణికితే, సిగ్గుపడకుండా యూనిట్ డాక్టరుకి చెప్పి రాయించుకోవాలి. మెడికల్ బోర్డు జరిగితే ప్రొసీడింగ్స్ కాపీ అడిగి తీసుకోవాలి. 'కాన్‌స్టిట్యూషనల్' అని రాసి ఉంటే ఊరుకోకూడదు, అప్పీలు ఉంది, ఆ పైన సైనిక ట్రిబ్యునల్ ఉంది. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు.

మీ వాడలో పిచ్చి మిలిటరీ అని పేరున్నవాళ్లు ఎవరైనా ఉంటే, బతికున్నా పోయినా, వాళ్లింట్లో ఇనప్పెట్టె తీసి డిశ్చార్జి పుస్తకం చూడండి. జబ్బు గడిలో ఏం రాశారో నాకు రాయండి, పేర్లొద్దు. వచ్చే భాగం వాటి మీదే.

జై భీమ్.